ఐదు నక్షత్రాల కంకర

ఫిబ్రవరి 6

డైరీ మళ్ళీ మొదలుపెడుతున్నాను. నా గోడు ఎవరికైనా చెబితే "ఇదీ ఒక కష్టమేనా" అంటారు. అందుకే ఇక్కడ.

హెల్మెట్ సారు ఇవాళ మళ్ళీ నా మ్యాపు తిప్పి పంపారు. కొండ మలుపు దగ్గర గీత మరీ వంకరగా ఉందట. "గీత కాదు సార్, దారే వంకరగా ఉంది" అన్నాను. "అయితే కాస్త సాపు చెయ్యండి, చూడ్డానికి బాగుంటుంది" అన్నారు. ఆయన పొద్దున సైకిల్ మీద వచ్చి మధ్యాహ్నం టీ దాకా నెత్తిన హెల్మెట్ తియ్యరు. లోపలికి గాలి ఆడడం లేదేమోనని నా అనుమానం.

కింద సైకిళ్ళ షాపు, మేడ మీద మా ఆఫీసు. ఏటి లోయలో సైకిల్ దారులు గీసి, బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి చూపించడం మా పని. వాళ్ళవి లావు టైర్ల సైకిళ్ళు. తారు రోడ్డు కనిపిస్తే మొహం మాడ్చుకుంటారు. రాళ్ళూ దుమ్మూ గుంతలూ ఉంటే మురిసిపోతారు. కంకర ఎంత ఎక్కువుంటే అన్ని నక్షత్రాలు. ఆ నక్షత్రాలు పెట్టేది నేను, ప్రతి దారీ తొక్కి చూసి.

ఈ సంగతి చెప్పిన రోజు మా అత్త కోళ్ళకి మేత వేస్తూ చాలాసేపు నవ్వింది. "డబ్బిచ్చి మరీ ఎగిరెగిరి పడతారా? మన వ్యాను ఎక్కమను, ఊరికే పడేస్తాం."

ఫిబ్రవరి 9

లోయ దారి పూర్తయింది. మొదటిసారి ఒక దారి కింద నా పేరు వేస్తున్నారు. వంతెన దగ్గర మొదలై, ఏటి పక్కనే నడిచి, మా ఊరి మీదుగా పై ఊళ్ళకి పోయే కంకర రోడ్డు. హైస్కూలుకి నేను ఈ రోడ్డు మీదే సైకిల్ తొక్కాను. పొద్దున్నే టైర్ల కింద సన్న రాళ్ళు నలిగే చప్పుడు, పక్కన ఏటి చప్పుడు, రెండూ కలిసి ఒకే చప్పుడు అయిపోయే చోటు ఒకటుంది. అది మ్యాపులో ఎలా పెట్టాలో తెలియక అక్కడ ఊరికే ఒక చుక్క పెట్టాను.

ఐదు నక్షత్రాలు ఇచ్చాను. మా ఊరని కాదు.

అత్త కోళ్ళ షెడ్డు దగ్గర నీళ్ళ గుర్తు కూడా పెట్టాను. లోయ మొత్తానికి మంచి బోరు అదే.

ఫిబ్రవరి 12

నాన్న వ్యాను కడుగుతూ చెప్పాడు. మన రోడ్డుకి తారు మంజూరైందట, వానలకి ముందే వేస్తారట. అమ్మ నమ్మలేదు. "రోలరు మన గుమ్మం ముందు నిలబడితే అప్పుడు నమ్ముతా" అంది. అత్త మాత్రం షెడ్డులోకి వెళ్ళి కోళ్ళకి కూడా చెప్పి వచ్చింది.

తారు పడితే అత్త బతికిపోతుంది. పట్నంలో గుడ్ల షావుకారు ఖచ్చితంగా చెప్పేశాడు. ఈ వానాకాలం కూడా ట్రేలు ఇలా పగిలి వస్తే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటానని. నాన్న వ్యానుని నడిచే మనిషికంటే నెమ్మదిగా నడుపుతాడు. అయినా ప్రతిసారీ పగిలినవి ఇంటికి తిరిగి వస్తాయి. రాత్రికి అవే ఆమ్లెట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో పగలని గుడ్డు ఎవరూ తినలేదు. పరీక్షల రోజుల్లో కూడా అత్త ట్రేలన్నీ వెతికి, "నీకోసం కాస్తే పగిలింది తీశాను" అనేది.

తారు పడితే నా దారి పోతుంది. పోతే పోనీ, ఇంకోటి గీస్తాను. నాకేం బాధ లేదు.

సారుకి తారు సంగతి చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 13

సారు టైర్ల వాళ్ళతో మాట్లాడుతూ ఉండిపోయారు. రేపు.

ఫిబ్రవరి 16

మ్యాపు ప్రింటుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పినా ఉపయోగం లేదు.

ఫిబ్రవరి 24

పెద్ద మ్యాపు ఒకటి, సర్కారు ముద్ర వేయించి, పట్నంలో రోడ్ల ఆఫీసు ఉన్న సర్కారు భవనంలో మెట్ల పక్కన గోడకి వేలాడదీశారు. పచ్చ గీత, దాని మీద ఐదు నక్షత్రాలు, కింద నా పేరు చీమంత అక్షరాల్లో. అక్షరాలు పెద్దవి చెయ్యమని అడగలేదు. అడగాల్సింది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఇంట్లో చూపించలేదు, ఎందుకో.

మార్చి 3

నాన్న పట్నం నుంచి వచ్చి వ్యాను దిగకుండానే కూర్చున్నాడు. మన రోడ్డుని తారు జాబితాలోంచి కొట్టేశారట.

"ఎందుకు?" అంది అత్త.

"మన రోడ్డు బ్రహ్మాండంగా ఉందట. ఏదో మ్యాపులో ఐదు నక్షత్రాలు వచ్చాయట. రోడ్ల ఆఫీసులో ఐదంటే చక్కగా ఉన్నట్టు, ఒకటంటే పాడైపోయినట్టు. ఇంజనీరు మెట్లెక్కుతూ గోడ మీద చూశాడట."

అత్త చేతిలో ట్రే కింద పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. "ఎవడే వాడు, ఆ మ్యాపు గీసినోడు? వాడి కళ్ళల్లో కంకర పొయ్యా! వాడు ఈ రోడ్డు మీద ఒక్కసారి వచ్చాడా? వాణ్ణి ట్రేల మధ్యలో కూర్చోబెట్టి పట్నం దాకా తీసుకుపోతే, అక్కడే దిగి ఎన్ని నక్షత్రాలు కనిపించాయో చెప్పేవాడు!"

"వాడెవడో బాగా చదువుకున్నోడై ఉంటాడు" అంది అమ్మ.

నేను ఆమ్లెట్టు తింటున్నాను.

మార్చి 4

రోడ్ల ఆఫీసుకి వెళ్ళాను. ఇంజనీరు గారు పెద్దమనిషిలాగే ఉన్నారు, కుర్చీ చూపించారు. విషయం చెప్పాను. ఆ నక్షత్రాలు సైకిళ్ళ సరదా కోసం అండీ, రోడ్డు బాగుందని కాదు, కంకర ఎక్కువుందని.

"అంటే రోడ్డు ఎంత పాడైతే మీకంత సంతోషమా?"

"నాకు కాదండీ. తొక్కేవాళ్ళకి."

"తొక్కింది మీరేనన్నారుగా?"

ఒళ్ళు మండింది, కానీ నవ్వాను. ఆయన కూడా నవ్వి అద్దాలు తుడుచుకున్నారు. "చూడమ్మా, మా దగ్గర మనుషులు లేరు. రోడ్లు చూసి రావడానికి జీపు లేదు. గోడ మీద ఇంత శుభ్రంగా గీసిన మ్యాపు, మా పై ఆఫీసు ముద్రతో ఉంటే, నేను నమ్మకూడదా? అది తప్పని నోటితో చెబితే ఎలా? మ్యాపు మారిస్తే నా జాబితా మారుస్తాను."

"ఒక నక్షత్రం చేస్తే చాలా?"

"మూడు చేస్తే గుంతలు పూడుస్తాం. కంకరతోనే. ఒకటైతే తారు."

గుంతలు పూడ్చడానికి ఇంకా కంకర. మెట్లు దిగుతూ నా పచ్చ గీత ముందు నుంచే రావాల్సి వచ్చింది. తల తిప్పుకుని దిగాను.

మార్చి 5

హెల్మెట్ సారుకి చెప్పాను. టీ వేళ చూసి చెప్పాను, హెల్మెట్ తీసి ఉన్నప్పుడు.

"ఒకటా? వచ్చే నెలలో ప్రారంభ రైడ్ పెట్టుకుని, మన బెస్ట్ దారికి ఒకటా? మేడం, మీకు ఆరోగ్యం బాగానే ఉందా?"

"అక్కడ ఇళ్ళున్నాయి సార్. వ్యాన్లు తిరుగుతాయి."

"నాలుగు చేద్దాం."

"నాలుగైతే ఏమీ చెయ్యరు సార్."

"నాలుగున్నర?"

పైకి పోతున్నారేంటి సార్ అని అడగలేదు. "తారు వేస్తే ఆ దారి చచ్చిపోయినట్టే" అన్నారు ఆయన. అందులో అబద్ధం లేదు, అదే నా తలనొప్పి. "మీ పేరు వేశాం మేడం దాని కింద" అని కూడా అన్నారు.

నాకు కోపం లేదు. ఆయన పని ఆయనది.

మార్చి 6

చాలా కోపంగా ఉంది.

మార్చి 8

అత్త ఇవాళ తిట్టిన తిట్లు: మ్యాపు గీసినోడి సైకిల్ చైను వాడి ప్యాంటులోనే ఇరుక్కోవాలి. వాడికి పుట్టే పిల్లలు నడక రాకముందే పరిగెత్తాలి. వాడు ఏ ఇంటికి పోయినా చప్పటి కూర తగలాలి.

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఉప్పు తక్కువైందని నేను అనలేదు గానీ, నిజంగానే తక్కువైంది.

మార్చి 9

అత్తకి చెప్పాలి. రేపు చెబుతాను.

మార్చి 15

తెలివైన ఆలోచన ఒకటి వచ్చింది. దారిని ఏటికి అవతలి గట్టుకి మార్చేస్తే? సైకిళ్ళకి అటు కంకర, వ్యాన్లకి ఇటు తారు. అందరూ సంతోషం. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

మార్చి 16

తెలివైన ఆలోచన ఇలా జరిగింది.

వంతెన దాటగానే తుమ్మముల్లు. ట్యూబు మార్చాను. మార్చి పది గజాలు పోయానో లేదో ఇంకో ముల్లు. రెండోసారి అతుకు వేస్తుంటే బాతులు వచ్చాయి. గుంపుగా వచ్చి నా చుట్టూ నిలబడి, నా పని నచ్చనట్టు మెడలు చాచి అరిచాయి. ఒకటి పంపు గొట్టం లాక్కుపోయింది. దాని వెంట నేను, నా వెంట మిగతావి. ఆ బాతుల ముసలాయన గట్టు మీద కూర్చుని అంతా చూశాడు.

"తాతా, దాన్ని పిలవ్వచ్చుగా!"

"నా మాట ఎప్పుడు వింది గనక" అన్నాడు. తర్వాత తీరిగ్గా, "ఇటు దారి లేదమ్మాయ్. ఎగువన గట్టు తెగింది" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా తాతా?"

"నువ్వు అడిగావా?"

తెగిన చోట సైకిల్ భుజాన వేసుకుని మోకాలి లోతు బురదలో దాటాను. ఒక చెప్పు అక్కడే ఉంది. అయితే దాటాక మాత్రం దారి ఉంది. సన్నటి తెల్ల కంకర, రెండు పక్కలా రెల్లు, ఏరు చేతికందేంత దగ్గరగా. చాలాసేపు తొక్కాను, అలా ఒంటి చెప్పుతో.

తెగిన గట్టుకి నాలుగు దుంగలు అడ్డంగా వేస్తే చాలు. సారు ఫొటోలు చూసి, "బాగుంది, కానీ పోస్టర్లు ప్రింటైపోయాయి" అన్నారు. పోస్టర్లు ప్రింటైపోయాయి కాబట్టి ఏరు ఇటే పారాలి కాబోలు.

మార్చి 22

జరగకూడనిది జరిగింది. ఇవాళ సెలవు. షెడ్డులో నేనూ అత్తా గుడ్లు ఏరుతున్నాం. బయట బ్రేకులు కీచుమన్నాయి. మెరిసే బట్టల్లో ఇద్దరు, మొగుడూ పెళ్ళాం అనుకుంటా, దుమ్ము కొట్టుకుని, నవ్వుకుంటూ.

"అత్తగారి షెడ్డు ఇదేనాండీ?" అంది ఆవిడ.

అత్త అయోమయంగా చూసింది. "ఎవరి అత్త?"

"మ్యాపులో ఉందండీ. చూడండి, నీళ్ళ గుర్తు. 'ఇక్కడ అత్త ఉంటుంది. అడిగితే చల్లటి నీళ్ళు ఇస్తుంది. కోళ్ళని బెదరగొట్టకండి.'"

అది నేను సరదాకి రాశాను. ప్రింటులో తీసేస్తారనుకున్నాను. నా గీతలన్నీ మార్చిన మనిషి దీన్ని మాత్రం వదిలేశారు.

అత్త నా వైపు చూడలేదు. నీళ్ళు ఇచ్చింది. రోడ్డు ఎలా ఉందని వాళ్ళనే అడిగింది. "స్వర్గంలా ఉందండీ!" అన్నాడాయన, చెయ్యి గుండె మీద పెట్టుకుని. ఆవిడ ఇంకో గ్లాసు తాగింది. వాళ్ళు వెళ్ళాక అత్త గ్లాసులు కడిగి బోర్లించి, ట్రేలు సర్దుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. ఏదో అంటుందని చూశాను.

"ఆ మూల గంపలో గుడ్లున్నాయి, తీసుకురా" అంది. అంతే.

మార్చి 23

అత్త ఇవాళ మ్యాపు గీసినోణ్ణి తిట్టలేదు.

మార్చి 24

ఇవాళా తిట్టలేదు. నా కంచంలో పెద్ద ముక్క వేసింది. నాన్నా అమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీపురు తిరగేసినా ఇంతకంటే సుఖంగా ఉండేది.

మార్చి 25

నేనే వెళ్ళాను. అత్త గోనె పట్టాలు దులుపుతోంది.

"అత్తా, అది మీ రోడ్ల ఆఫీసువాళ్ళు చేసిన తప్పు. నక్షత్రాలంటే..."

"మా రోడ్ల ఆఫీసా? నాకెప్పుడు రాసిచ్చారే?"

 ఇంకో పట్టా దులిపింది. దుమ్ము మా ఇద్దరి మధ్యా నిలబడింది.

"నిజం చెప్పు. ఆ రోడ్డు నీకంత బాగుంటుందా?"

అబద్ధం చెప్పొచ్చు. ఉద్యోగం కోసం రాశానని చెప్పొచ్చు. "బాగుంటుంది అత్తా. చాలా."

"ఏం ఉంటుంది అక్కడ?"

రాళ్ళ చప్పుడూ ఏటి చప్పుడూ కలిసే చోటు గురించి చెప్పాను. ఆ మలుపులో పొద్దున నీళ్ళ మీద పొగలా లేచే మంచు గురించి చెప్పాను. అత్త శ్రద్ధగా విన్నది, ఎవరో వేరే ఊరి సంగతి చెబుతున్నట్టు.

"ఇన్నేళ్ళు తిరిగాను. ఏరు పక్కనే ఉందని తెలుసు గానీ ఎప్పుడూ చూళ్ళేదే" అంది. "నా కళ్ళు ట్రేల మీదే ఉంటాయి."

తర్వాత గట్టిగా, "సరేలే. నీ పేరు వేశారట కదా, మీ నాన్న చెప్పాడు. ఎంతేసి అక్షరాలు?" అని అడిగింది.

నాన్నకి ఎప్పటి నుంచి తెలుసో!

మార్చి 26

సెలవు పెట్టాను. వ్యాను వెనక ఎక్కాను. అత్త వద్దంది, నడుం పట్టేస్తుంది అంది. వినలేదు. ఈ రోడ్డు తొక్కి చూశాను గానీ కూర్చుని చూడలేదు.

గోనె పట్టాల మీద కూర్చుని, రెండు చేతులతో ట్రేల దొంతర పట్టుకుని, కాళ్ళు తలుపుకి తన్నిపెట్టి. అత్త ఎదురుగా అలాగే. నాకు ఎంతో ఇష్టమైన ఆ అలలు అలలుగా ఉండే కంకర వచ్చినప్పుడు పళ్ళు టకటకలాడాయి. మాట్లాడబోతే నాలుక కొరుక్కున్నాను. దొంతర మధ్యలో ఎక్కడో సన్నగా "టిక్" మంది. అత్త కళ్ళు మూసుకుంది. మళ్ళీ టిక్. చప్పుడుని బట్టి ఏ ట్రేలో పగిలిందో చెబుతోంది, నాకు కాదు, తనలో తనే.

నా చుక్క ఉన్న చోటు ఎప్పుడు దాటామో తెలియలేదు.

పట్నంలో షావుకారు ట్రేలు ఎత్తి చూసి, పగిలినవి పక్కన పెట్టి, "ఇంక మీ ఇష్టం అమ్మా, వానల దాకా చూస్తాను" అన్నాడు. అత్త సరేనన్నట్టు తలూపి, నా జుట్టులోంచి గోనె పీచు తీసింది.

మార్చి 27

ఒక నక్షత్రం. మా మ్యాపుని ఫోన్‌లో చూసేవాళ్ళకి ఇక ఎర్ర గీత. గోడ మీద ఉన్నదానికి నా చేత్తోనే కాగితం అతికించి వచ్చాను. కింద నా పేరు అలాగే ఉంచాను.

సారుకి ముందే చెప్పి చేశాను. ఆయన గట్టిగా అరవలేదు. హెల్మెట్ పెట్టుకున్నారు. అదీ టీ తర్వాత. "దారులు ఇంకొకరు చూసుకుంటారు. మీరు సోమవారం నుంచి కింద షాపులో ఉండండి" అన్నారు.

ఇంజనీరు గారు కాగితం మీద నా ఒకటి చూసి పాత జాబితా తీసి పక్కన పెట్టుకున్నారు. "నెల కిందట ఐదు. ఇవాళ ఒకటి. ఇంత త్వరగా పాడైపోయిన రోడ్డు నా సర్వీసులో చూడలేదమ్మా." మళ్ళీ మొదట్నుంచి చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే పైన ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాసేశారు. నోరు మూసుకున్నాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పనికొచ్చే విషయం ఇదే.

ఏప్రిల్ 7

ట్యూబులు అతుకుతున్నాను. మేడ మీద కొత్త అబ్బాయి నా మ్యాపుల్లో వంకర గీతలు సాపు చేస్తున్నాడట. చెయ్యనీ.

ఏప్రిల్ 14

ప్రారంభ రైడ్ అవతలి గట్టు మీద జరిగింది. ఇటు కంకర కుప్పలు, తారు పీపాలు దించేశారు మరి, వేరే గతి లేక దుంగలు వేయించారు. పోస్టర్ల మీద పాత దారి బొమ్మే ఉంది, ఎవరూ గమనించలేదు. హెల్మెట్ సారుని బాతులు తరిమాయని షాపులో చెప్పుకున్నారు. నాకు సంతోషం కలగలేదు.

కొంచెం కలిగింది.

మే 11

రోలరు నిజంగానే మా గుమ్మం ముందు నిలబడింది. అమ్మ బయటికి వచ్చి చేత్తో తాకి చూసింది.

మే 19

పొద్దున సైకిల్ మీద వెళ్ళాను. నల్లగా, నున్నగా, చప్పుడే లేదు. నా చుక్క ఉన్న చోట దిగి నిలబడ్డాను. ఏటి చప్పుడు ఒక్కటే వినిపించింది. రెండో చప్పుడు కోసం కాసేపు ఉన్నాను.

తప్పు చేశానని కాదు. ఊరికే రాసుకుంటున్నాను.

మే 20

వ్యాను సాయంత్రం తిరిగి వచ్చింది. నాన్న హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. ఈ రోడ్డు మీద ఆయన హారన్ కొట్టడం ఇదే మొదటిసారి, ఇదివరకు ఆయన కంటే ముందు ఎవరైనా నడిచే వెళ్ళిపోయేవాళ్ళు కదా. వెనక అత్త దిగింది. ఏరు ఎంత వెడల్పో తెలుసా అని అమ్మని అడిగింది. అవతలి గట్టు మీద ఎవరో సైకిళ్ళ మీద పోతుంటే చెయ్యి ఊపిందట, వాళ్ళూ ఊపారట.

ట్రేలన్నీ ఖాళీ. షావుకారు ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు.

రాత్రి అత్త పెనం వేడెక్కించి, అలవాటుగా పగిలిన గుడ్ల గిన్నె కోసం చెయ్యి చాచింది. గిన్నె ఖాళీగా ఉంది. చిరాగ్గా గిన్నె తిరగేసి చూసింది. "ఇదేం గోలే! ఇప్పుడు ఏం వండాలి?"

"షెడ్డు నిండా ఉన్నాయిగా అత్తా" అన్నాను.

"అవి బాగున్నవే!"

నేనే వెళ్ళి ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదు. పెనం అంచు దాకా తీసుకెళ్ళి ఆపింది. పెనం పొగలు కక్కుతోంది. "కానివ్వు, మాడిపోతోంది" అంది అమ్మ. అత్త నా మొహంలోకి కోపంగా చూసింది, ఇదంతా నీ వల్లే అన్నట్టు.

"చెయ్యి రావట్లేదే" అంది. "నువ్వు కొట్టు."

కొట్టాను.